శాతము తీర్పు కాదు: విద్యార్థుల వ్యాసములలో సారూప్యతా నివేదికను చదువు విధము

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము బి.డి. చివరి సంవత్సరపు విద్యార్థులు సమర్పించిన సిద్ధాంత వ్యాసములలో రెండు మా కమిటీ ముందుకు వచ్చినవి. రెండును తెలుగులో వ్రాసినవే. కంప్యూటరులో పరీక్షించగా మొదటి వ్యాసమునకు 41 శాతము, రెండవ దానికి 6 శాతము సారూప్యత ఉన్నట్లు నివేదిక వచ్చినది. మేము మొదటి విద్యార్థిని పిలిపించి సంజాయిషీ అడిగితిమి. రెండవ విద్యార్థి వ్యాసము స్వంత కృషికి మాదిరిగా ఉన్నదని మెచ్చుకొంటిమి.

మేము చేసినది రెండు విధములుగాను పొరపాటే. మొదటి వ్యాసము కీర్తనల గ్రంథముపై వ్రాసినది. దానిలో చూపబడిన సారూప్యతలో సగమునకు పైగా బైబిలు వచనములే. రెండవ వ్యాసములో రెండు అధ్యాయములు ఒక ఆంగ్ల వ్యాఖ్యానమునకు వాక్యము వెంట వాక్యముగా చేసిన తెలుగు అనువాదము. ఆ వ్యాఖ్యానము పేరు గ్రంథసూచిలో కూడ లేదు. ఈ సంగతి మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకుడు ఒక పాదసూచికను గూర్చి అడిగినప్పుడు గాని మాకు తెలియలేదు. ఈలోగా మొదటి విద్యార్థి అభిషేక సిఫారసు ఆ సంవత్సరమునకు నిలిచిపోయినది. ఆయనకు మేము క్షమాపణ చెప్పుకొంటిమి గాని పోయిన సంవత్సరమును తిరిగి ఇయ్యలేకపోతిమి.

ఈ అనుభవమును బట్టి, సారూప్యతా నివేదికను ఎట్లు చదువవలెనో మేము నేర్చుకొనిన సంగతులను తోటి అధ్యాపకుల ముందుంచుచున్నాము. ఈ పనికి కావలసిన నైపుణ్యము మనకు క్రొత్తది కాదనియు, క్రొత్త నిబంధన తరగతిలో మనము ప్రతి సంవత్సరము బోధించుచున్నదే అనియు చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. సాఫ్ట్‌వేర్ చేయు పని ఏది?

టర్నిటిన్ మొదలైన సాఫ్ట్‌వేర్‌లను వాడుకలో 'గ్రంథచౌర్యమును కనిపెట్టు యంత్రములు' అని పిలుచుట పరిపాటి. అది సరియైన పేరు కాదు. అవి విద్యార్థి వ్యాసమును చిన్న చిన్న పదవరుసలుగా విడదీసి, తమ నిల్వలో ఉన్న వెబ్ పేజీలు, పత్రికా వ్యాసములు, మునుపు సమర్పింపబడిన విద్యార్థుల వ్యాసములతో పోల్చి, ఎక్కడెక్కడ అవే వరుసలు కనబడుచున్నవో గుర్తు పెట్టును. అట్లు గుర్తింపబడిన భాగము మొత్తము వ్యాసములో ఎంతో లెక్కించి ఒక శాతమును ఇచ్చును. చేయునది ఇంతే. ఆ మాటలు ఎందుకు కలిసినవో, విద్యార్థి ఉద్దేశము ఏమో దానికి తెలియదు. టర్నిటిన్ సంస్థయే తమ నివేదిక సారూప్యతను మాత్రమే చూపుననియు, చౌర్యమా కాదా అని నిర్ణయించుట అధ్యాపకుని పని అనియు చెప్పుచున్నది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో శాతముతో పాటు రంగు కూడ కనబడును. 24 శాతము వరకు ఆకుపచ్చ, 25 నుండి 49 వరకు పసుపు, 50 నుండి 74 వరకు నారింజ, 75 దాటిన ఎరుపు. రంగులు చూచు కంటికి ఆకుపచ్చ నిర్దోషిగాను, ఎరుపు నేరస్థునిగాను తోచును. మేము పడిన మొదటి గోతి అదే.

2. సమాంతర సువార్తల పాఠము

మత్తయి, మార్కు, లూకా సువార్తలను మూడు నిలువు వరుసలలో ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మన విద్యార్థులందరు ఎరిగినదే. మాటకు మాట కలిసిన చోట్లకు ఒక రంగు, ఇద్దరిలో మాత్రమే ఉన్న చోట్లకు మరియొక రంగు వేయించుదుము. అయితే రంగులు వేయుటతో పని ముగిసినదని ఏ అధ్యాపకుడును చెప్పడు. అసలు పని అప్పుడే మొదలగును. ఎవరు ఎవరి నుండి తీసికొనిరి? ఇద్దరును మూడవ ఆధారము నుండి తీసికొనిరా? నోటిమాటగా అందరికి తెలిసిన సంప్రదాయమా? 1924లో స్ట్రీటర్, 1955లో ఆస్టిన్ ఫారర్ అవే సమాంతర భాగములను ముందు పెట్టుకొని వేర్వేరు నిర్ణయములకు వచ్చిరి. మత్తయి, లూకాలకు మాత్రమే ఉమ్మడిగా ఉన్న భాగములకు 'క్యూ' అను ఆధారము అవసరమని మొదటివాడు, అవసరము లేదని రెండవవాడు వాదించిరి. సారూప్యము ఒక్కటే, వివరణలు రెండు.

యెషయా 2వ అధ్యాయము, మీకా 4వ అధ్యాయము మొదటి వచనములును, యూదా పత్రిక, 2 పేతురు 2వ అధ్యాయమును ఇట్టివే. వీటిని గూర్చి తరగతిలో ఎంతో జాగ్రత్తగా మాట్లాడు మనము, మన విద్యార్థి వ్యాసము విషయములో ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పుట న్యాయమా? నివేదికను కూడ ఒక సమాంతర పట్టికగానే చదువవలెను.

3. శాతమును విడదీయుట

మా మొదటి విద్యార్థి వ్యాసము 14,000 పదములు. 41 శాతము అనగా 5,740 పదములు. నివేదికను వరుసగా చదివి, గుర్తు పడిన ప్రతి భాగము ఏ జాతికి చెందినదో వ్రాసికొనగా తేలినది ఇది: బైబిలు వచనములు 22 శాతము, గ్రంథసూచి, పాదసూచికలు 8 శాతము, ధ్రువీకరణ పత్రము, ముఖపత్రము, అధ్యాయముల శీర్షికలు 2 శాతము, అక్కడక్కడ నాలుగైదు పదములుగా కలిసిన సాధారణ పదబంధములు 5 శాతము, ఒక వెబ్ పేజీతో కలిసిన భాగము 4 శాతము.

బైబిలు వచనములు ఎందుకు లెక్కలోనికి వచ్చినవి? కొటేషన్లను మినహాయించు వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది. అయితే అది కొటేషన్ గుర్తులను బట్టియు, ప్రక్కకు జరిపి టైపు చేసిన పేరాలను బట్టియు పని చేయును. మన తెలుగు వ్యాసములలో వచనమును వ్రాసి చివర అధ్యాయము, వచనము సంఖ్య వేయుట అలవాటు గాని, కొటేషన్ గుర్తులు పెట్టుట అంతగా లేదు. ఇక 'క్రొత్త నిబంధన సంఘము', 'కృపచేత విశ్వాసము ద్వారా రక్షణ' వంటి పదబంధములు ఎవరి సొత్తును కావు. అవి సంఘము మాటలు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లో ప్రకటించిన నిబంధనలు కూడ ఇట్టి మినహాయింపులను ఒప్పుకొనుచున్నవి. ఆధారము చూపి ఉదహరించిన భాగములు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సాధారణ పదములు, వరుసగా 14 పదముల వరకు యాదృచ్ఛికముగా కలిసిన మాటలు లెక్కలోనికి రావు. వీటిని తీసివేసిన పిమ్మట మిగిలినది 10 శాతము లోపు ఉన్న శిక్ష లేదు. 10 నుండి 40 వరకు అయితే ఆరు నెలలు మించని గడువులో సవరించి సమర్పించవలెను. 40 నుండి 60 వరకు అయితే ఒక సంవత్సరము వరకు సమర్పించరాదు. 60 దాటిన రిజిస్ట్రేషన్ రద్దగును. మొదట వచ్చిన ముడి శాతమునకు ఈ మెట్లను అన్వయించుట నిబంధనను తప్పుగా చదువుటయే. తప్పు సందేహము లేకుండ రుజువై, తన వాదము చెప్పుకొనుటకు తగిన అవకాశము ఇచ్చిన తరువాతనే శిక్ష విధింపవలెనని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. మన సెమినరీలు వేర్వేరు సంస్థలకు అనుబంధమై యున్నను ఈ క్రమము అందరికిని అనుసరణీయమే.

అయితే మిగిలిన 4 శాతము మాట ఏమి? 14,000 పదములలో 4 శాతము అనగా 560 పదములు, సుమారు రెండు పుటలు. అది ఒకే చోట, ఒకే పేజీ నుండి, పాదసూచిక లేకుండ వచ్చినది. కావున మొదటి విద్యార్థి పూర్తిగా నిర్దోషి కాడు. ఆ రెండు పుటలను తిరిగి వ్రాయించవలసినదే. తక్కువ శాతము తప్పును కప్పవచ్చును. ఎక్కువ శాతము ఏ తప్పును లేకుండ రావచ్చును. 4 శాతము నలుబది చోట్ల చెదరియున్న ఒక అర్థము, ఒకే చోట ఉన్న మరియొక అర్థము.

4. నివేదిక చూపు ఆధారము నిజమైన ఆధారమేనా?

నివేదికలో ప్రతి భాగమునకు ఎదురుగా ఒక ఆధారము పేరు ఉండును. విద్యార్థి అక్కడ నుండియే తీసికొనెనని వెంటనే అనుకొనరాదు. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానము 18వ శతాబ్దపు ఆరంభములో వెలువడినది. నేడు లెక్కలేనన్ని వెబ్ పేజీలలో ఉన్నది. విద్యార్థి గ్రంథాలయములోని పుస్తకము నుండి న్యాయముగా ఉదహరించినను, నివేదిక ఏదో ఒక సంఘపు పేజీని గాని, మరియొక దేశపు విద్యార్థి వ్యాసమును గాని చూపవచ్చును. ఇద్దరును ఒకే పుస్తకమును చదివిరని దాని అర్థము కావచ్చును. విద్యార్థి తన వ్యాసపు మొదటి ప్రతిని అదే సాఫ్ట్‌వేర్‌లో ముందుగా పెట్టియుండిన, రెండవ ప్రతి దానితోనే కలిసి దాదాపు నూరు శాతము చూపవచ్చును. కావున తేదీలను చూడవలెను. ఆధారమును తెరచి చదువవలెను.

వ్రాతప్రతుల పరిశీలనలో మనము బోధించు ఒక సూత్రము ఇక్కడ ఎంతో ఉపయోగపడును. రెండు ప్రతులు సరియైన పాఠములో ఏకీభవించుట పెద్ద రుజువు కాదు. ఒకే తప్పులో ఏకీభవించుట బలమైన రుజువు. ఒక వెబ్ పేజీలో వచనము సంఖ్య తప్పుగా పడియుండి, విద్యార్థి వ్యాసములో కూడ అదే తప్పు సంఖ్య ఉన్నదనుకొనుడి. శాతము ఎంత తక్కువైనను, ఆ ఒక్క తప్పు నూరు పదముల సారూప్యము కంటె ఎక్కువ చెప్పును.

ఇచ్చట ఇంకొక అపోహను తొలగించవలెను. పాత పుస్తకమునకు కాపీరైటు లేదు గనుక పేరు చెప్పనక్కరలేదని కొందరు విద్యార్థులు అనుకొందురు. కాపీరైటు చట్టమునకు సంబంధించినది. గ్రంథచౌర్యము సత్యమునకు సంబంధించినది. కాపీరైటు తీరిపోయిన పుస్తకము నుండి తీసికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు గాని, అది తన స్వంత మాట అని చెప్పుకొనుటకు ఎవరికిని హక్కు లేదు.

5. నివేదికకు కనబడనివి

తెలుగు వ్యాసముల విషయములో నివేదిక గ్రుడ్డితనము మరి ఎక్కువ. మేము గమనించినవి నాలుగు.

మొదటిది అనువాదము. మన విద్యార్థులు చదువు వ్యాఖ్యానములలో అధిక భాగము ఆంగ్లములో ఉన్నవి. వాటిని తెలుగు చేసి తమ మాటగా వ్రాసిన, పదవరుసలను పోల్చు సాఫ్ట్‌వేర్‌కు అది సాధారణముగా చిక్కదు. అయితే చదువరి చెవికి చిక్కును. తెలుగు నుడికి లొంగని పొడవైన వాక్యములు, మన గ్రంథాలయములో లేని జర్మను గ్రంథముల పుట సంఖ్యలు, విద్యార్థికి రాని హీబ్రూ వ్యాకరణ చర్చ కనబడిన ఆగి అడుగవలెను. మా రెండవ విద్యార్థి దొరికినది ఇట్టి పాదసూచిక వద్దనే.

రెండవది ఫాంట్లు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు మన కంటికి తెలుగే గాని, యూనికోడ్ కానందున కంప్యూటరు లోపల అది అర్థము లేని రోమను అక్షరముల వరుస. అట్టి ఫైలుకు సున్న శాతము వచ్చిన, ఏమియు కలియలేదని కాదు. ఏమియు చదువబడలేదని అర్థము. వ్యాసమును యూనికోడ్‌లో సమర్పించుమని ముందే నియమము పెట్టుట మంచిది.

మూడవది మన సంధులు. 'చేసియున్నాడు' అని ఒకరు కలిపి వ్రాయుదురు. 'చేసి యున్నాడు' అని మరియొకరు విడదీయుదురు. మనిషికి రెండును ఒక్కటే; యంత్రమునకు వేర్వేరు పదములు కావచ్చును. అందుచేత తెలుగులో వచ్చు శాతము నిజమైన సారూప్యత కంటె తక్కువగా ఉండు అవకాశము ఉన్నది.

నాలుగవది ఇతరులు వ్రాసి పెట్టినదియు, కృత్రిమ మేధతో వ్రాయించినదియు. ఇవి ఎక్కడను లేని క్రొత్త వాక్యములు గనుక సారూప్యత ఉండదు. టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో కృత్రిమ మేధ వ్రాతను అంచనా వేయు వేరొక సూచికను ప్రవేశపెట్టినది. అది సారూప్యతా శాతములో భాగము కాదు. రెంటిని కలిపి చదువరాదు. ఇట్టి అంచనాలపై ఎంత ఆధారపడవచ్చునో ఒక్క సంగతి చెప్పును. ఛాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన తన స్వంత గుర్తింపు సాధనమును, ఖచ్చితత్వము తక్కువగా ఉన్నదని అదే సంవత్సరము జూలైలో ఉపసంహరించుకొన్నది.

6. విద్యార్థితో మాట్లాడుట

నివేదికను చదివిన తరువాత, కమిటీకి పంపుటకు ముందు, గైడ్ విద్యార్థితో ఒంటరిగా మాట్లాడవలెనని మా అభిప్రాయము. ఒక మనుష్యుని మాట వినక ముందే ధర్మశాస్త్రము అతనికి తీర్పు తీర్చునా అని నీకొదేము తన తోటి పెద్దలను ప్రశ్నించెను (యోహాను 7:51). ఒక్క సాక్షి మాట మీద నేరము స్థిరపరచరాదని ద్వితీయోపదేశకాండము 19:15 బోధించుచున్నది. సారూప్యతా నివేదిక ఒక్క సాక్షి మాత్రమే. విద్యార్థి చిత్తుప్రతులు, చదివిన పుస్తకముల నోట్సు, మౌఖిక సమాధానములు తక్కిన సాక్షులు.

మాటలాడు తీరు ముఖ్యము. 'ఇది ఎక్కడ కాపీ కొట్టినావు?' అను ప్రశ్న విద్యార్థి నోరు మూయించును. 'బాబూ, ఈ పేరా ఎట్లు వ్రాసినావో చెప్పు. ముందు ఏ పుస్తకము చదివినావు? ఈ మాటకు నీవు అనుకొన్న అర్థమేమి?' అని అడిగిన, వ్రాసినవాడు తడబడుచునైనను వివరించగలడు. వ్రాయనివాడు పుస్తకము పేరు కూడ చెప్పలేడు. మా మొదటి విద్యార్థిని కమిటీ గదిలో నలుగురి ఎదుట నిలువబెట్టి అడిగితిమి. ఆయన తల వంచుకొని 'క్షమించండి అయ్యగారూ' అని మాత్రము అనెను. దానిని నేరము ఒప్పుకొనుటగా మేము వ్రాసికొంటిమి. పెద్దల ఎదుట భయముతో అనిన మాట అది అని తరువాత గాని గ్రహింపలేదు.

విన్న పిమ్మట సంగతి ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకొనవచ్చును. ఏ దోషమును లేని సారూప్యము. పాదసూచిక వేయు పద్ధతి తెలియక జరిగిన లోపము. ఆధార గ్రంథపు వాక్యములలో అక్కడక్కడ మాటలు మార్చి అతికిన వ్రాత. తెలిసి చేసిన చౌర్యము. మూడవదానికి అమెరికా విద్యావేత్త రెబెక్కా మూర్ హవర్డ్ 1990లలో 'పాచ్‌రైటింగ్' అని పేరు పెట్టి, అది తరచు క్రొత్త విషయమును, క్రొత్త భాషను నేర్చుకొనువారు వేయు తప్పటడుగు అని వాదించెను. తెలుగు మాధ్యమములో చదివి ఆంగ్ల వ్యాఖ్యానములతో కుస్తీ పట్టు మన విద్యార్థులను చూచిన ఆ వాదము సబబే అని తోచును. రెండవ, మూడవ వాటికి మందు బోధ. నాలుగవ దానికి మాత్రమే క్రమశిక్షణ.

మన సంఘ సంప్రదాయమును కూడ తలంచుకొనవలెను. ఒక దైవజనుని ప్రసంగ విభజనను మరియొకరు బోధించుట మన యొద్ద తప్పుగా ఎంచబడలేదు. గురువు మాటను గురువు మాటలోనే చెప్పుట భక్తిగా ఎంచబడినది. అట్టి వాతావరణము నుండి వచ్చినవానికి పాదసూచిక ఎందుకో మొదటి సంవత్సరములోనే చెప్పవలెను. నాలుగు సంవత్సరములు చెప్పక, చివర యంత్రము చేత పట్టించుట మన బోధనా లోపమునకు విద్యార్థిని శిక్షించుటయే. ఇప్పుడు మేము మొదటి చిత్తుప్రతి నివేదికను గైడ్, విద్యార్థి కలిసి కూర్చుండి చదువునట్లు ఏర్పాటు చేసికొంటిమి. ఎక్కడ గుర్తులు లేవో, ఎక్కడ మాట తనది కాదో విద్యార్థి తన కన్నులతో చూచును.

ముగింపు

ఈ మాటలు చౌర్యమును తేలిక చేయుటకు కాదు. ఒకరి యొద్దనుండి ఒకరు మాటలు దొంగిలించి తనవని చెప్పు ప్రవక్తలకు తాను విరోధినని ప్రభువు యిర్మీయా ద్వారా తెలియజేసెను (యిర్మీయా 23:30). మా రెండవ విద్యార్థి తన వ్యాసమును మొదటినుండి తిరిగి వ్రాయవలసి వచ్చినది, అది న్యాయమే. అయితే దొంగ త్రాసు విషయములో ప్రభువు అసహ్యము (సామెతలు 11:1) తూచువారికిని వర్తించును. మా త్రాసులో మొదటి విద్యార్థి బరువుగాను, రెండవవాడు తేలికగాను తూగిరి.

కాబట్టి వచ్చు పరీక్షల కాలములో నివేదిక చేతికి వచ్చినప్పుడు మొదటి పుటలోని అంకెను ప్రక్కన పెట్టి రెండవ పుట నుండి చదువుడని తోటి అధ్యాపకులను వేడుకొనుచున్నాము. ప్రతి గుర్తు ఎదుట ఇది వచనమా, సూచియా, సాధారణ మాటయా, తీసికొనినదా అని వ్రాయుడి. ఒక వ్యాసమునకు రెండు గంటలు పట్టవచ్చును. ఒక సేవకుని పిలుపు దానిపై ఆధారపడియున్నప్పుడు ఆ రెండు గంటలు ఎక్కువ కావు.